ఇంజన్ పక్కన సకీనా

ఆగస్టు 30

ఈ డైరీ కోన్‌లు అమ్మే హోల్‌సేల్ వాడు జనవరిలో ఉచితంగా ఇచ్చాడు. ఎనిమిది నెలలు ఖాళీగా పడి ఉంది. ఇవాళ తీశాను. సకీనాకి చెబితే పడుకోండి అంటుంది, గుల్జమాన్‌కి చెబితే అరుస్తాడు. కాగితం ఏమీ అనదు.

ఊరి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు ఇరవై ఆరు నుంచి ఊళ్ళో లోపలి భాగమంతా శుభ్రమైన గాలి మండలం అట. జనం అప్పుడే జోన్ అంటున్నారు. పాత డీజిల్ వ్యానులు, టాక్సీలు, లారీలు లోపల కదిలితే రోజుకింతని కట్టాలి. వ్యానుకు తొమ్మిది పౌండ్లు. కెమెరాలు పెట్టేశారు. మా సందు కూడా లోపలే ఉంది. అంటే మా గుమ్మం ముందు బండి తీస్తే చాలు.

ఐస్‌క్రీమ్ బండ్లకు ఉండదులే. ఇవి పిల్లల బండ్లు. ఎక్కడో ఒక చోట మినహాయింపు రాసే ఉంటారు. చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సకీనాకి జలుబు. మూడు వారాలైంది. ఎండాకాలం జలుబు తొందరగా వదలదు.

సెప్టెంబర్ 2

చిన్న అక్షరాలు చదివాను. లేదు.

బండి మార్చుకునేవాళ్ళకు సాయం ఇస్తారట. పద్నాలుగు పేజీల ఫారం. హఫ్సా ముద్రించి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. "అబ్బూ, పెన్ను కూడా పెట్టాను. ఇంకేం వంక చెప్తావో చూస్తాను" అంది. పెళ్ళై పక్క వీధికి వెళ్ళినా మా వంటింట్లో పెత్తనం దానిదే.

ఆదివారం నింపుతాను.

సెప్టెంబర్ 6

స్కూలు తెరిచారు. మూడింటికి గేటు పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే బండి ఆపాను. ఇరవై ఆరేళ్ళుగా అదే చోటు. హఫ్సా ఆ స్కూల్లోనే చదివింది, ఇప్పుడు అక్కడే చిన్న పిల్లల క్లాసులో సాయం చేస్తుంది. ఇవాళ పెద్ద టీచరమ్మ రాసిన కాగితం పట్టుకుని బయటికి వచ్చింది, ముఖం ఎటో పెట్టుకుని.

"నేను రాయలేదు. నాకిచ్చి పంపారంతే."

గేటు దగ్గర ఏ బండీ ఇంజన్ నడుస్తూ ఉండకూడదని విన్నపం. దీపస్తంభానికి గాజు గొట్టం ఒకటి కట్టారు, గాలి కొలవడానికట. మా చోటుకి నాలుగడుగుల దూరంలో.

"ఇంజన్ ఆపితే మెషిన్ తిరగదని నీకు తెలీదా? పది నిమిషాల్లో ఐస్‌క్రీమ్ పాలైపోతుంది. నిన్ను చదివించింది ఈ ఇంజనే."

"తెలుసు అబ్బూ. మా క్లాసులో ముప్పై మందిలో ఏడుగురు జేబుల్లో ఉబ్బసానికి పీల్చే మందు పెట్టుకుని వస్తారు. అదీ తెలుసు."

"వాళ్ళకి నా బండి వల్ల వచ్చిందా?"

"నేనలా అన్నానా?"

వెనక నాలుగు జీపులు, తల్లులు లోపల కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఇంజన్లు నడుపుతున్నారు. సొంత కార్లకు జోన్ రుసుము లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పరు. ఆ పొగ పొగ కాదేమో.

సకీనా బండి లోపలి నుంచి "వరస పెరిగిపోతోంది, తండ్రీ కూతుళ్ళ పంచాయితీ ఇంట్లో పెట్టుకోండి" అంది. అని దగ్గింది.

సెప్టెంబర్ 11

గుల్జమాన్ మీటింగు పెట్టాడు. వాడిదీ ఐస్‌క్రీమ్ బండే, ఊరికి అటువైపు. టాక్సీ వాళ్ళు, వ్యాన్ల వాళ్ళు కలిపి డెబ్బై మంది. గొంతు మాత్రం వాడొక్కడిదే.

"మన నాన్నలు ఈ ఊళ్ళో మిల్లుల్లో ఉన్ని దుమ్ము పీల్చి చచ్చారు. అప్పుడు గాలి కొలవడానికి ఎవడూ గొట్టం కట్టలేదు! ఇప్పుడు కొడుకులం నాలుగు చక్రాలు కొనుక్కుంటే గాలి గుర్తొచ్చింది!"

అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను. మా నాన్న ఆఖరి రెండేళ్ళు కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. అది గుర్తొస్తే గుల్జమాన్ మాట జోన్ వద్దనడానికి చెప్పాడో, కావాలనడానికి చెప్పాడో ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత టీ ఇచ్చారు.

సెప్టెంబర్ 18

ఊరంతా మెల్లగా నడిపే నిరసన. తొంభై బండ్లు. గుల్జమాన్ ముందు, నేను మూడో బండి. పిల్లల్ని పిలిచే బండి పాట వేసుకుంటూ, నడిచే మనిషి వేగంతో. పేవ్‌మెంట్ మీద పిల్లలు గంతులు వేశారు, అమ్మడం లేదని తెలిశాక తిట్టారు. చాలా ఏళ్ళ తర్వాత నవ్వాను.

సకీనా తన స్టూలు మీద కూర్చుంది, ఇంజన్ మూత పక్కన, ఎప్పటిలాగే. హఫ్సా బడిలో చేరిన ఏడాది నుంచీ అది ఆమె చోటు. ముందు బండి పొగ, మన పొగ. గంట తర్వాత "నేను దిగి నడిచి వెళ్తాను, మీరు రండి" అంది. దిగాక కాసేపు గోడకు ఆనుకుంది. అద్దంలో చూశాను.

కాళ్ళు పట్టేసి ఉంటాయి.

సెప్టెంబర్ 26

మొదలైంది. ఉదయం బండి తీశాను. సందు చివర కెమెరా. తల వంచుకుని దాటాను. ఎందుకు వంచుకున్నానో తెలీదు. అది చూసేది నంబరు ప్లేటుని.

సెప్టెంబర్ 29

ఫారం రేపు.

అక్టోబర్ 4

స్కూలు ఎదురు హార్డ్‌వేర్ షాపు డోరీన్ దగ్గరికి స్క్రూల కోసం వెళ్ళాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నాకు యాభై ఎనిమిదని ఎన్నిసార్లు చెప్పినా అబ్బాయ్ అనే పిలుస్తుంది. రంగు డబ్బాలు తెచ్చేవాడి వ్యాను పాతదట, ఇక లోపలికి రానన్నాడట. అవతల వంతెన దగ్గరికి వచ్చి తీసుకోమన్నాడట.

"నా మోకాళ్ళతోనా? వాణ్ణి, ఆ కెమెరాని, ఆ కెమెరా పెట్టినవాణ్ణి కలిపి తిట్టాను అబ్బాయ్. గంటసేపు."

"మా మీటింగుకు రావచ్చుగా."

"వద్దామనే ఉంది. కానీ ఒక మాట." చుట్టూ చూసి గొంతు తగ్గించింది, ఏదో తప్పు చేసినట్టు. "పై గది కిటికీ తెరిచి పడుకుంటున్నాను. ముప్పై ఏళ్ళలో తెరవలేదు. అద్దం మీద ఆ నల్లటి జిడ్డు కూడా లేదు."

"వారం రోజులకే గాలి మారిపోతుందా?"

"మారదేమో. మరి నేనెందుకు తెరిచాను?"

నాకేం తెలుసు. స్క్రూలు తీసుకుని వచ్చాను.

అక్టోబర్ 9

ఒక పని చేద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పను. ఒక రోజు సకీనాని బండి మీదికి తీసుకెళ్ళడం, ఒక రోజు ఏదో వంక చెప్పి ఇంట్లో ఉంచడం. సాయంత్రం దగ్గు ఎలా ఉందో రాసుకోవడం. జలుబే అని తేలిపోతుంది, మనసుకి గొడవ వదులుతుంది.

అక్టోబర్ 10. వచ్చింది. దగ్గు ఎక్కువ.

అక్టోబర్ 11. ఇంట్లో. దగ్గు తక్కువ. కానీ వాన పడింది.

అక్టోబర్ 12. వచ్చింది. దగ్గు తక్కువ.

అక్టోబర్ 13. ఇంట్లో. దగ్గు ఎక్కువ. పప్పుకు మిరపకాయల పోపు పెట్టింది. అది లెక్కలోకి రాదు.

అక్టోబర్ 14. వచ్చింది. నేనే వినలేదు, గుల్జమాన్ ఫోను.

అక్టోబర్ 15

"నన్ను దింపేసి ఎవరిని ఎక్కించుకుంటున్నారు?" అని అడిగింది. నవ్వుతూనే. రోజు మార్చి రోజు ఎందుకు వద్దంటున్నానో చెప్పమంది.

"చలి కదా" అన్నాను.

"బండిలో నేను కూర్చునేది ఇంజన్ పక్కన. ఈ ఊళ్ళో అంత వెచ్చని చోటు ఇంకోటి లేదు."

నిజమే. పరీక్ష ఆపేశాను. దాంట్లో ఏమీ తేలలేదు. పాత దుప్పటి మడతపెట్టి ఇంజన్ మూత అంచుల చుట్టూ కూరాను. వేడి వృథా కాకుండా.

నవంబర్ 5

బండికి టార్పాలిన్ కప్పేశాను. మార్చి దాకా సెలవు. ఈ నాలుగు నెలలూ జోన్ నన్నేం చేస్తుంది?

నవంబర్ 24

సకీనా మెట్లు ఎక్కుతూ పాడుకుంటోంది. జలుబు పోయింది. నేను ముందే అన్నాను.

నవంబర్ 25

బండి మీదికి వెళ్ళక ఇరవై రోజులైంది.

అలాగని రాసుకున్నాను, అంతే. దీనికీ దానికీ ముడి పెట్టడం లేదు.

డిసెంబర్ 17

డోరీన్ షాపు మూసేస్తోంది. సామాను సగం ధరకు పెట్టింది. నేను వెళ్ళేసరికి కౌంటర్ మీద కూర్చుని బిస్కట్లు తింటోంది. ఆ కౌంటర్ మీద ఎవరైనా చెయ్యి పెడితేనే కసిరేది.

"జోన్ చంపేసింది కదూ" అన్నాను. అందరికీ చెప్పుకోవడానికి పనికొస్తుందని కూడా అనుకున్నాను. రాయకూడదు గానీ అనుకున్నాను.

"పేపరు వాడూ అదే అడిగాడు. అవునంటే ఫోటో వేస్తానన్నాడు." బిస్కట్టు టీలో ముంచింది. "నిజం చెప్పనా? జోనా, కంప్యూటర్‌లో కొనుక్కునే జనమా, నా మోకాళ్ళా? మూడూ కలిసి వచ్చి నిలబడితే ఎవరు తోశారో ఎలా చెప్పను? ఊరికే పడ్డాను అబ్బాయ్."

"పేపరు వాడికేం చెప్పావు?"

"జోనే అని చెప్పాను. ఫోటో దిగక చాలా ఏళ్ళైంది."

జనవరి 17

ఆసుపత్రి. డిసెంబరు చివర్లో జ్వరం వచ్చి మళ్ళీ ఊపిరి పట్టేస్తుంటే హఫ్సా ఊరుకోలేదు, పేరు రాయించింది. నేను వెంట వెళ్ళాను.

గొట్టంలోకి మూడుసార్లు ఊదించారు. "ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా" అని నర్సు కేకలు వేసింది, పరుగు పందెంలోలాగా. సకీనా ఊదుతూ నా వైపు చూసింది. చిన్నపిల్ల బెలూను ఊదలేక చూసినట్టు.

డాక్టరమ్మ చిన్నది, మా హఫ్సా వయసు. తెర మీద గీతలు చూపించింది. ఊపిరి దారులు ఇరుకైపోయాయట. తగ్గేది కాదట, పెరగకుండా చూసుకోవాలట.

"సిగరెట్లు తాగుతారా?"

"ఎప్పుడూ లేదు."

"ఇంట్లో ఇంకెవరైనా?"

"లేదు."

"ఏం పని చేస్తారు?"

నేను నోరు తెరిచాను. సకీనా నాకంటే ముందే చెప్పింది.

"ఇంటి పని."

డాక్టరమ్మ రాసుకుంది. తర్వాత చిన్నప్పుడు వంట దేని మీద చేసేవారని అడిగింది. సకీనా పందొమ్మిదేళ్ళకి ఈ దేశం వచ్చేదాకా మీర్పుర్ పక్క పల్లెలో ఉంది. కట్టెలు, పిడకలు. తలుపు మూసిన గదిలో.

"అది చాలా మందిలో చూస్తుంటాం" అంది డాక్టరమ్మ.

కట్టెల పొయ్యి! నాకెందుకు తట్టలేదు? ఇంటికి వస్తూ బస్సులో అదే చెప్పాను. మీ అమ్మ ఆ పొయ్యి దగ్గర నిన్ను కూర్చోబెట్టకుండా ఉండాల్సింది అన్నాను. సకీనా కిటికీలోంచి చూస్తూ "మా అమ్మ పోయి పదేళ్ళైంది. ఆమెనెందుకు పట్టుకుంటారు" అంది.

జనవరి 18

ఇంటి పని అని ఎందుకు చెప్పింది?

బండి పని నాది, తను సాయానికి వస్తుంది. పని అని అడిగితే ఇంటి పనే చెప్పాలి. సరిగ్గానే చెప్పింది.

జనవరి 19

నన్ను కాపాడాలని చెప్పిందేమో. మంచి మనిషి.

జనవరి 20

దేన్నించి కాపాడాలని?

ఫిబ్రవరి 15

పిల్లలకు సెలవులు. అనుకోని ఎండ. ఇలాంటి రోజు వదులుకుంటే ఎలా అని టార్పాలిన్ లాగేశాను. సకీనాకి వద్దని చెప్పాను, నిజంగా చెప్పాను. అప్పటికే చెప్పులేసుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఒక్కడివి చుడుతూ చిల్లర ఇస్తూ ఉంటే వరస లిస్టర్ పార్కు దాటిపోతుంది" అంది. మురిపెం వస్తే ఒక్కోసారి నువ్వు అంటుంది.

పార్కు గేటు దగ్గర ఆపాను. గేటు లోపలి దాకా వరస. సకీనా కోన్ పట్టుకుని రెండు చుట్లు తిప్పి పైన ముక్కు లాగి తెంపుతుంది. ఆ ముక్కు ఎప్పుడూ ఎడమకే వంగుతుంది, అది ఆమె సంతకం. నలభయ్యో కోనో యాభయ్యో, గుర్తు లేదు, ముక్కు వంగలేదు. ఐస్‌క్రీమ్ ఆమె చేతి మీదుగా కారిపోతోంది. మీట వదల్లేదు. నోరు తెరిచి ఉంది గానీ లోపలికి ఏమీ వెళ్ళడం లేదు.

బయట ఒక పిల్ల "చాచా, ఆంటీ నీలంగా అయిపోతోంది" అంది.

ఇంజన్ ఆపేశాను. ఆపేదాకా అది ఎంత చప్పుడు చేస్తోందో నాకు తెలీలేదు.

బెంచీ మీద కూర్చోబెట్టి మందు పీల్పించాను. ఇరవై నిమిషాలకు రంగు తిరిగింది. మొదటి మాట ఏమందంటే, "మెషిన్‌లో పాలు కరిగిపోతాయి, వెళ్ళి ఇంజన్ వేయండి."

వేయలేదు. అంతా డ్రెయిన్‌లో పోశాను. తెల్లగా కాలవలా పారింది. పిల్లలు నిలబడి చూశారు.

ఫిబ్రవరి 16

కట్టెల పొయ్యి.

మార్చి 1

సాయం ఫారానికి గడువు నిన్నటితో అయిపోయిందని హఫ్సా చెప్పింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫ్రిజ్ మీది ఫారం తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. పెన్ను మాత్రం అక్కడే వదిలేసింది.

గుల్జమాన్‌కి ఫోను చేశాను. మళ్ళీ నిరసన పెట్టాలి, గడువు పొడిగించమనాలి అన్నాను. వాడు మాట నమిలాడు.

"భాయ్, నీకు చెబుదామనే అనుకుంటున్నాను."

"ఏంటి?"

"నా కొత్త బండి వచ్చే నెల వస్తుంది. బ్యాటరీది. మెషిన్ కూడా బ్యాటరీ మీదే."

"ఫారం ఎప్పుడు పెట్టావు?"

"సెప్టెంబర్లో."

"సెప్టెంబర్లో నువ్వు మైకు పట్టుకుని..."

"ఒక చేత్తో మైకు, ఒక చేత్తో పెన్ను పట్టుకున్నాను భాయ్. నాకు రెండు చేతులున్నాయి. నువ్వు రెండు చేతులతో చప్పట్లు కొడుతూ కూర్చుంటే నేనేం చేయను? నీకూ చెప్పాను, నువ్వు రేపు అన్నావు."

చెప్పాడా? చెప్పి ఉండొచ్చు. ఫోను పెట్టేశాను. వాడి మీద కోపం రావాలి. వచ్చింది, కానీ ఎక్కడ ఆనించాలో తెలీక తిరుగుతోంది.

మార్చి 4

బండి అమ్మేస్తాను. జోన్ లేని ఊళ్ళో ఇప్పటికీ కొనేవాళ్ళున్నారు. ప్రకటన పెట్టాను.

మార్చి 11

వచ్చారు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి, మొగుడూ పెళ్ళాం. అతని పేరు క్లైవ్, ఆమె ట్రూడీ. నలభై లోపు మనుషులు. గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగాలు పోయాయట, ఇద్దరూ కలిసి ఏదైనా చేసుకుందామని. క్లైవ్ బండి కింద దూరి చూశాడు, పైకి వచ్చి సంతోషంగా ఉన్నాడు. మా దగ్గర కెమెరాలు లేవులే అన్నాడు. బేరం కూడా పెద్దగా ఆడలేదు. చేతులు కలపడమే తరువాయి.

ట్రూడీ లోపలికి ఎక్కింది. మీటలు తాకి చూసింది. తర్వాత సకీనా స్టూలు మీద కూర్చుని చెయ్యి చాచింది, మీట అందుతుందో లేదోనని.

"సరిగ్గా నా కొలతకే చేసినట్టుంది!" అంది.

క్లైవ్ ఇంజన్ వేశాడు, మెషిన్ తిరుగుతుందో చూద్దామని.

నేను వెళ్ళి తాళం తిప్పి ఆపేశాను. బండి అమ్మడం లేదన్నాను.

"ఏమైంది? ఇప్పుడేగా సరే అన్నావు?"

"అమ్మడం లేదు."

"ఎవరైనా ఎక్కువిస్తామన్నారా? మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చాం!"

"ఎవరూ ఏమీ అనలేదు."

"మరి ఎందుకు?"

చెప్పాలి. ఆ మనిషి మూడు గంటలు వచ్చాడు, అతనికి కారణం చెప్పాలి. ఏమని చెప్పాలి? ఈ బండి మనుషుల్ని జబ్బు చేస్తుందనా? నాకు తెలీదుగా. డాక్టరుకే తెలీదు. తెలిసిన ముక్క ఒకటే ఉంది. "మీ ఆవిడని ఆ స్టూలు మీద కూర్చోబెట్టకండి" అన్నాను.

క్లైవ్ ముఖం ఎర్రబడింది. మా ఆవిడ గురించి నీకెందుకన్నాడు. ట్రూడీ కిందికి దిగి వాకిట్లో నిలబడిన సకీనా వైపు చూసింది. సకీనా చేతిలో పీల్చే మందు ఉంది. ట్రూడీ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత "పద క్లైవ్" అంది.

వాళ్ళ కారు సందు చివర మలుపు తిరిగేదాకా చూశాను. బోలెడు నష్టం. తప్పు చేశానో ఒప్పు చేశానో. వాళ్ళు ఎలాగూ ఇంకెక్కడో ఇలాంటిదే కొంటారు. అప్పుడు నేనేం సాధించినట్టు?

మార్చి 12

నిన్నటి సంగతి సకీనా వదల్లేదు. ఇవాళ రొట్టెలు చేస్తూ, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"హఫ్సా అబ్బూ, ఆ పిల్లకి చెప్పిన మాట మీకెప్పుడు తెలిసింది?"

"ఏ మాట?"

"స్టూలు మాట."

పిండి ఒత్తుతూనే ఉంది. నేను తెలీదన్నాను. అది అబద్ధం కాదు. ఎప్పుడు తెలిసిందో నాకు నిజంగా తెలీదు. ఈ డైరీ వెనక్కి తిప్పి చూస్తే అక్కడుంటుందేమో.

"ఆసుపత్రిలో ఇంటి పని అని ఎందుకు చెప్పానో అడగరేం?"

"నన్ను కాపాడాలని" అన్నాను. నా గొంతులో నాకే గర్వం వినిపించింది.

అప్పుడు తిరిగింది. చేతులనిండా పిండి.

"కాపాడడానికా? మీరు పక్కనే కూర్చున్నారుగా. నేనలా అంటే మీరు కాదంటారని చూశాను. డాక్టరమ్మ రాసుకున్నంతసేపూ చూశాను. బస్సులో చూశాను. ఇంటికి వచ్చాక కూడా చూశాను. మీరు మా అమ్మ పొయ్యి గురించి మాట్లాడారు."

పెనం మీద రొట్టె వాసన మొదలైంది.

"నాకు జబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో నేనడగలేదు" అంది. "బండి వల్లో, పొయ్యి వల్లో, అల్లాకే తెలుసు. ఇరవై రెండేళ్ళు అక్కడ కూర్చున్నాను, ఎవరూ బలవంతం చేయలేదు, నాకిష్టమయ్యే కూర్చున్నాను. కూర్చున్నానని ఒక్క మనిషి చెబుతాడేమోనని చూశాను, అంతే."

రొట్టె మాడింది. దాన్ని తనే తీసుకుంది, మంచిది నాకు వేసింది.

ఏప్రిల్ 5

రంజాన్. సకీనాకి ఉపవాసం లేదు. పగలు మందు పీల్చాలి కాబట్టి. అపరాధం చేసినదానిలా వంటింట్లో తలుపు వేసుకుని తింటోంది. తలుపు తీసి పెట్టుకో అంటే వినదు.

మళ్ళీ ఆసుపత్రి. అదే డాక్టరమ్మ. నేను ఇంటి దగ్గరే మాటలు కూర్చుకుని వచ్చాను. కుర్చీలో కూర్చోకముందే చెప్పేశాను.

"పోయినసారి ఒకటి చెప్పలేదు. ఈమె ఇరవై రెండేళ్ళు మా ఐస్‌క్రీమ్ బండిలో పని చేసింది. డీజిల్ ఇంజన్ పక్కన, మూతకి జానెడు దూరంలో. రోజుకు ఆరేడు గంటలు, ఇంజన్ ఆపకుండా. నేను పక్కనే ఉండి కూడా చెప్పలేదు."

డాక్టరమ్మ సకీనా వైపు చూసింది. సకీనా తలూపింది.

"అయితే దాని వల్లేనా?" అన్నాను.

"కొంత అయ్యుండొచ్చు."

"ఎంత?"

"అలా విడదీసి చెప్పలేం. చిన్నప్పటి పొయ్యి ఉంది, వీధిలో గాలి ఉంది, ఇది ఉంది. ఒక మనిషి ఊపిరితిత్తుల్లో దేని వాటా ఎంతో చూపించే పరీక్ష లేదు."

"ఈ జోన్ వచ్చాక తగ్గుతుందా?"

"ఊరి మొత్తం మీద లెక్క తీస్తే తెలుస్తుంది. ఈమె ఒక్కరికీ అంటే చెప్పలేను."

తిట్టినా బాగుండేది. తప్పు నీదే అంటే పట్టుకుని ఏడ్చేవాణ్ణి, నీది కాదంటే పట్టుకుని నిద్రపోయేవాణ్ణి. కొంత అంది. కొంతని ఎలా పట్టుకోవాలి?

డాక్టరమ్మ కంప్యూటర్లో ఒక వాక్యం కొట్టింది. పావు నిమిషం పట్టలేదు. సకీనా అడిగి మరీ ఆ వాక్యం చదివించుకుంది. రెండుసార్లు.

ఏప్రిల్ 27

పండగ అయిపోయింది. బండిని తుక్కు వాడికి ఇచ్చేశాను. ముందు మెషిన్ విప్పారు, తర్వాత కిటికీ. కొరడాలాంటి చప్పుడుతో అద్దం పగిలింది. సకీనా వస్తానంది, వద్దన్నాను, వచ్చింది. గేటు బయటే నిలబడింది, దుమ్ముంటుందని.

జోన్ గెలిచిందని గుల్జమాన్ మెసేజ్ పెట్టాడు. ఓదార్చడానికే పెట్టాడేమో. గెలవడానికి నేను దానితో ఎప్పుడు కొట్లాడాను? ఒక ఆదివారం మెల్లగా నడిపాను, అంతే.

మే 2

హఫ్సా నా కోసం ఉద్యోగాలు వెతుకుతోంది. సూపర్‌మార్కెట్ సామాను ఇళ్ళకు చేర్చే బ్యాటరీ వ్యాన్లట. యూనిఫాం ఇస్తారట. "అబ్బూ, దాంట్లో పాట ఉండదు, అదొక్కటే లోటు" అంది. ఆలోచిస్తానన్నాను. రేపు అనబోయి ఆగాను. సాయంత్రం వచ్చింది, ఇద్దరం కూర్చుని ఫారం నింపాం.

మే 9

ఎండ. మూడింటికి కాళ్ళు వాటంతటవే స్కూలు వైపు నడిచాయి. సకీనాకి మసీదుకని చెప్పాను.

డోరీన్ షాపు స్థానంలో ఫోన్ల కొట్టు వచ్చింది. దీపస్తంభానికి ఆ గొట్టం అలాగే వేలాడుతోంది. కింద నిలబడి గాలి పీల్చాను, గట్టిగా, రెండుసార్లు. ఏ వాసనా లేదు. మంచి గాలి కాబట్టి లేదో, ఇన్నేళ్ళ పొగకి నా ముక్కే పోయిందో. జీపులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

నా చోట్లో గుల్జమాన్ కొత్త బండి నిలబడి ఉంది. తెల్లగా, నున్నగా. చప్పుడు లేదు. పిల్లల మాటలు ఒక్కోటి విడివిడిగా వినిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ వాళ్ళు ఇంతగా మాట్లాడేవాళ్ళని నాకు తెలీదు.

వెనక్కి తిరుగుదామనుకుంటే వరసలో, ఆరేళ్ళ పిల్లల మధ్యలో, నీలం దుపట్టా. సకీనా.

నన్ను చూసి కూడా కదల్లేదు. "మసీదు ఇటు వచ్చిందా?" అంది.

తన వంతు వచ్చాక గుల్జమాన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "భాభీ! మీ దగ్గర డబ్బులు తీసుకుంటే నా చెయ్యి పడిపోతుంది" అన్నాడు.

"ఆ చెయ్యి పడిపోయినా నష్టం లేదు. ఏంటా చుట్టడం? పేడ వేసినట్టుంది. పైన ముక్కేదీ?"

పిల్లలు పడీపడీ నవ్వారు. వాడు ఇంకోటి చుట్టాడు. అదీ కుదరలేదు. "లోపలికి వచ్చి నేర్పించండి భాభీ, ఇక్కడ పొగ లేదు" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకుని నా వైపు చూశాడు. నేను కోన్ అందుకున్నాను.  సకీనా లోపల స్టూలు ఎక్కడుందో తొంగి చూసింది. వెళ్ళి నేర్పిస్తుందేమో. వెళ్ళమనాలో వద్దనాలో నాకు తెలీదు, అడిగినప్పుడు చూద్దాం.

ఇంటికి ఎత్తు దారి. మొదటి దీపస్తంభం దగ్గర ఆగింది. నేనూ ఆగాను. రెండో దాని దగ్గర ఆగింది, ఆగాను.

"మీరెందుకు ఆగుతున్నారు?"

"ఐస్‌క్రీమ్ కారుతోంది. తుడుచుకుందామని."

"మీది కింద ఫోన్ల కొట్టు దగ్గరే అయిపోయిందిగా. చేతిలో ఏముందని కారడానికి?"

చూసుకున్నాను. ఏమీ లేదు. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.